పిల్లికూన దగ్గు – రెండు వైద్యాల నడుమ గోడ

గత కార్తీకమాసంలో మా మనవరాలు వీధి చివరి పాలకేంద్రం వెనుక నుంచి ఒక పిల్లికూనను ఇంటికి తెచ్చింది. నాలుగు నెలల వయస్సు ఉండవచ్చు. ఒంటి నిండా బూడిదరంగు చారలు, మెడ కింద తెల్లని మచ్చ. వచ్చిన వారానికి తుమ్ములు ఆరంభమైనాయి. కొద్ది రోజులకు తుమ్ములైతే తగ్గాయి గాని, వాటి వెనుకనే మొదలైన దగ్గు మూడు వారాలు గడిచినా వదలలేదు. నేలకు కరుచుకుని కూర్చుని, మెడ ముందుకు చాచి, డొక్కలు ఎగరవేస్తూ ఆ చిన్నప్రాణి దగ్గుతూ ఉంటే మనవరాలు నా వైపు తిరిగి, "తాతయ్యా, నువ్వు డాక్టరువి కదా, దీనికేదైనా మందు ఇవ్వవూ?" అని అడిగింది.

నేను మందుల పెట్టె తెరవలేదు. నలభై ఏళ్ల క్రితం ఇటువంటి సందర్భంలోనే ఒకసారి తెరిచాను. ఆ సంగతి కూడా ఈ వ్యాసంలోనే చెబుతాను. అయితే దానికంటే ముందు, పిల్లి దగ్గును గురించి మనిషికి ఏమి తెలుసు, అది ఎప్పుడు తెలిసింది, ఎవరి వల్ల తెలిసింది అన్న చరిత్ర మీ ముందుంచాలి. మానవ వైద్యంలో ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కొలువు చేసిన నాకు ఈ చరిత్ర ఉద్యోగ విరమణ తరువాత గాని తెలియలేదు.

మన ప్రాచీనులు జంతువైద్యాన్ని చిన్నచూపు చూడలేదు. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని పేరిట, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని పేరిట సంస్కృత గ్రంథాలు ఉన్నాయి. తెలుగులోనే మనుమంచి భట్టు రచించిన హయలక్షణవిలాసము ఉంది. కాని మార్జాల వైద్యానికి ఇటువంటి పేరుపొందిన శాస్త్రం నాకు కనబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గుర్రం యుద్ధానికి, ఏనుగు రాజసానికి, ఎద్దు సేద్యానికి. పిల్లి ఎవరి ఆస్తి? ధాన్యపు గాదెల వద్ద ఎలుకలను పట్టినంత కాలం పడుతుంది, చస్తే మరొకటి వస్తుంది. ఐరోపాలోనూ ఇదే వరస. 1761లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో తొలి పశువైద్య కళాశాల నెలకొన్నప్పుడు దానికి ప్రేరణ గుర్రాలు, పశువుల తెగుళ్లే. 1791లో లండన్‌లో స్థాపించిన కళాశాల మొదట చాలాకాలం గుర్రాల చుట్టూనే తిరిగింది. మన మద్రాసు పశువైద్య కళాశాల 1903లో ఆరంభమైంది. అక్కడ చదువుకుని మన జిల్లాలకు వచ్చిన వైద్యుల ముందు నిలిచినవి ఎద్దులు, గేదెలు, గొర్రెలే తప్ప పిల్లులు కావు.

పిల్లి జబ్బులను పట్టించుకున్న తొలి ఆధునికులలో ఒకరు పశువైద్యుడు కాకపోవడం విశేషం. గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు దేశీయుడు బ్రిటిష్ నౌకాదళంలో మనుషుల వైద్యుడు. 1870లలో ఆయన పిల్లుల మీద ఒక పుస్తకం రాసి, వాటి వ్యాధులకు అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఇచ్చారు. 1871 జూలైలో లండన్ క్రిస్టల్ పాలెస్‌లో హారిసన్ వేర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేసిన కాలమది. పిల్లికి ఒక్కసారిగా విలువ వచ్చింది. వేర్వేరు ఇళ్ల పిల్లులు ఒకే కప్పు కింద చేరడమూ మొదలైంది. శ్వాసకోశ వ్యాధికి అంతకంటే ఏమి కావాలి? ఆనాడు పిల్లికి ముక్కు కారినా, దగ్గు వచ్చినా, జ్వరం తగిలినా కుక్కల జబ్బు పేరే అరువు తెచ్చి 'డిస్టెంపర్' అనేవారు. పేరు ఒకటే కాబట్టి జబ్బూ ఒకటే అనుకున్నారు.

ఆ భ్రమలో తొలి చీలిక 1911లో కనబడింది. ఎడిన్‌బరోలో మెక్‌గోవన్ అనే వైద్యుడు, ప్రయోగశాలలో పెంచుతున్న కుక్కలకూ పిల్లులకూ ఒకేసారి వ్యాపించిన శ్వాసకోశ వ్యాధిని పరిశీలించి వాటి నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. దాదాపు అదే సమయంలో అమెరికాలో ఫెర్రీ అనే పరిశోధకుడు కుక్కలలో దానినే గుర్తించారు. డిస్టెంపర్‌కు మూలం దొరికిందని ఇద్దరూ భావించారు. అది పొరపాటు. కుక్కల డిస్టెంపర్ వైరస్ వల్ల వస్తుంది. కాని వారు పట్టుకున్న క్రిమి మాత్రం నిజమైనదే. నేడు దాని పేరు బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా. పిల్లల్లో కోరింత దగ్గును కలిగించే క్రిమిని 1906లో కనుగొన్న జూల్స్ బోర్డే పేరు మీద ఆ కుటుంబానికి ఆ పేరు పెట్టారు. అంటే మీ ఇంటి కుక్కకు, పిల్లికి వచ్చే ఒక దగ్గు మన కోరింత దగ్గుకు దాయాది అన్నమాట. ఈ బాక్టీరియా తనంతట తానే పిల్లులలో జబ్బు కలిగించగలదన్న విషయం 1990లలో గాని స్థిరపడలేదు. ఎనభై ఏళ్లు! పసికూనల్లో ఇది న్యుమోనియాగా ముదిరి ప్రాణం తీయగలదు.

రెండవ ఘట్టం మరీ చిత్రమైనది. 1942లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తున్న జేమ్స్ బేకర్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు న్యుమోనియా సోకిన పిల్లుల నుంచి ఒక 'వైరస్'ను తీశారు. ఆయన దృష్టి పిల్లుల మీద మాత్రమే లేదు. ఆ యుద్ధకాలంలో మనుషులలో, ముఖ్యంగా సైనిక శిబిరాలలో, కారణం తెలియని ఒక రకం న్యుమోనియా వైద్యులను తికమక పెడుతున్నది. పిల్లిలో దొరికినది మనిషి జబ్బుకు తాళపుచెవి కావచ్చునని ఆయన ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. మనుషుల న్యుమోనియాకు కారణమైన మైకోప్లాస్మాను వేరొకరు వేరొక దారిలో పట్టుకున్నారు. 1962లో గాని దానిని కృత్రిమ మాధ్యమంలో పెంచలేకపోయారు. బేకర్ పట్టుకున్నది వైరస్ కూడా కాదని తరువాత తేలింది. అది క్లమీడియా అనే, కణాల లోపల మాత్రమే బ్రతకగల బాక్టీరియా. న్యుమోనియా కంటే కండ్లకలకకే అది ఎక్కువ కారణమని నేడు మనకు తెలుసు. పిల్లికూనకు ఒక కన్ను ఎర్రబడి, వాచి, నీరు కారుతూ కొద్దిపాటి తుమ్ములు ఉంటే నేటి పశువైద్యుడు ముందుగా దీనిని తలచుకుంటారు. 'పేరు తప్పు, జాతి తప్పు, అవయవమూ తప్పు. అయినా క్రిమి నిజం' అని విద్యార్థిగా ఉన్నప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

అసలైన మలుపు పోలియో పుణ్యమా అని వచ్చింది. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అనే ముగ్గురు పోలియో వైరస్‌ను గాజు పాత్రలలో పెంచిన కణజాలం మీద సాగుచేసి చూపారు; 1954లో నోబెల్ బహుమతి పొందారు. ఆ పద్ధతి చేతికి రాగానే జంతు వైద్యులూ అందుకున్నారు. 1957లో న్యూజిలాండ్‌లో ఫాస్టియర్ పిల్లుల నుంచి ఒక వైరస్‌ను వేరుచేశారు. నేడు దానిని కాలిసి వైరస్ అంటున్నారు. నాలుక మీద పుండ్లు దాని ఆనవాలు. 1958లో అమెరికాలో క్రాండెల్, మారర్ కలిసి జలుబుతో బాధపడుతున్న పిల్లికూనల నుంచి మరొక వైరస్‌ను పట్టుకున్నారు. అది హెర్పిస్ కుటుంబానికి చెందినది. మనిషి పెదవి మీద జ్వరపు పొక్కులు లేపే వైరస్‌కు ఇది బంధువే గాని మనిషికి సోకదు. పిల్లుల జలుబులో అత్యధిక భాగానికి ఈ రెండు వైరస్‌లే కారణమని ఆ తరువాత స్పష్టమైంది. జనం దానిని 'క్యాట్ ఫ్లూ' అంటారు. ఫ్లూ వైరస్‌కూ దానికీ సంబంధం లేదు. అదే 1958లో ఇంగ్లండ్‌లో జోన్ జడ్ అనే పిల్లుల పెంపకందారు, పిల్లుల వ్యాధుల గురించి సరైన సమాచారం దొరకని దుస్థితికి విసిగి, దాని కోసమే ఒక సలహా సంస్థను స్థాపించారు. ఈ రెండు వైరస్‌లకూ టీకాలు 1970ల మధ్యలో వచ్చాయి.

పిల్లికూనను కొత్తగా తెచ్చుకున్న వారు తప్పక తెలుసుకోవలసినది 1970ల పరిశోధన. ఇంగ్లండ్‌లో గాస్కెల్, పోవీ అనే ఇద్దరు, జలుబు నుంచి పూర్తిగా కోలుకున్న పిల్లులను ఎంచుకుని వాటి నుంచి వైరస్ వస్తున్నదా లేదా అని పరీక్షిస్తూ పోయారు. మామూలు రోజులలో ఏమీ లేదు. ఆ పిల్లుల నివాసం మార్చి కొత్త చోట పెట్టినప్పుడు, లేదా అవి ఈని పాలిస్తున్నప్పుడు, కొన్నింటిలో వైరస్ మళ్లీ బయటపడింది. అది కూడా వెంటనే కాదు. సుమారు వారం తరువాత. హెర్పిస్ వైరస్ నరాల ముడులలో నిద్రపోతుంది. శరీరానికి ఒత్తిడి కలిగినప్పుడు లేస్తుంది. మనలో కొందరికి పరీక్షల ముందు, పెళ్లిపనుల మధ్య పెదవి మీద పొక్కు లేవడం ఇటువంటిదే.

దీనిని మా ఇంటికి అన్వయించి చూడండి. పిల్లికూన వచ్చింది; సరిగ్గా వారానికి తుమ్మింది. 'దుకాణదారు జబ్బు పిల్లిని అంటగట్టాడు', 'పాలు పడలేదు', 'ఫ్యాను గాలి తగిలింది' అని మనం అనుకుంటాము. అసలు కారణం ఇల్లు మారడమే కావచ్చు. తల్లిని విడిచి, వాసన తెలియని గదిలో, ఎత్తుకుందామని పోటీపడే పిల్లల నడుమ పడిన కూనకు అంతకంటే ఒత్తిడి ఏముంటుంది? అందుకే కొత్త కూనకు మొదటి రెండు వారాలు ఒక నిశ్శబ్దమైన మూల, ఒకే చేతి తిండి, ఇంట్లో వేరే పిల్లులుంటే వాటికి దూరం అవసరం. ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు. వాసన తెలియకపోతే తినదు. తిండిని కొంచెం వెచ్చచేసి పెడితే మేలు. ఇది నేను మా పశువైద్యుని వద్ద నేర్చుకున్నదే, నా చదువులోనిది కాదు.

అయితే మా కూన విషయంలో ఈ వివరణ సగం మాత్రమే సరిపోయింది. ఈ వైరస్‌లు ముఖ్యంగా తుమ్మును తెస్తాయి. తుమ్ములు ఆగిన తరువాత కూడా వారాల తరబడి దగ్గు ఉన్నదంటే వ్యాధి ముక్కులో లేదు, ఛాతీలో ఉన్నదని అర్థం. పిల్లులకు కూడా ఉబ్బసం వస్తుంది; దానికి మన పిల్లలకు వాడినట్లే గొట్టం బిగించిన ఇన్‌హేలర్ వాడతారు. (ఉబ్బసం మీద 1860లో గొప్ప గ్రంథం రాసిన హెన్రీ సాల్టర్ పిల్లి దగ్గరకు వస్తే మనిషికి ఉబ్బసం రావడాన్ని నమోదు చేశారు. పిల్లికే ఉబ్బసం వస్తుందని లోకం గ్రహించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.) కాని నాలుగు నెలల కూనకు, అందులోనూ బల్లులను వేటాడే వీధి కూనకు, మా పశువైద్యుడు ముందు వేరొకటి అనుమానించారు. "డాక్టరుగారూ, మూడు రోజుల మలం తెచ్చి ఇవ్వండి" అన్నారు. దగ్గుకు మలపరీక్షా అని నేను ఒక క్షణం తెల్లబోయాను.

ఆ మరుసటి రోజు ఆయన బల్ల మీద చూసిన దృశ్యం నన్ను వెనక్కి తీసుకుపోయింది. ఒక గాజు గరాటు, దాని కాడకు క్లిప్పు పెట్టిన రబ్బరు గొట్టం, గరాటులో గోరువెచ్చని నీరు, నీటిని తాకుతూ పలుచని గుడ్డలో మలం. గుడ్డలోని సజీవమైన లార్వాలు నీటిలోకి ఈదివచ్చి, పైకి ఎగబ్రాకలేక కింద గొట్టంలో చేరతాయి. తెల్లవారి రెండు చుక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. దీని పేరు బేర్మన్ పద్ధతి. 1917లో డచ్చి వారి పాలనలోని తూర్పు ఇండియా దీవులలో బేర్మన్ అనే వైద్యుడు దీనిని రూపొందించారు. పిల్లుల కోసం కాదు. నేలలో ఉండే కొంకిపురుగు లార్వాలను లెక్కించడం కోసం. చెప్పులు లేని పాదాల నుంచి లోపలికి దూరి, కూలిజనాన్ని నెత్తురు లేకుండా పాలిపోయేటట్లు చేసే పురుగు అది. నేను వైద్యకళాశాలలో పరాన్నజీవుల పాఠంలో ఆ పేరు చదివాను. గ్రామాలలో కొంకిపురుగు రోగులను వందలమందిని చూశాను. మనుషుల కోసం పుట్టిన ఆ గరాటు మా మనవరాలి పిల్లికి పనికివస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

చుక్కలో లార్వాలు కనబడ్డాయి. తోక చివర వంకర తిరిగి ఉంది. పిల్లి ఊపిరితిత్తుల పురుగు, ఏలురోస్ట్రాంగిలస్ అబ్‌స్ట్రూసస్. 1898లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రయే వర్ణించారు. అబ్‌స్ట్రూసస్ అంటే లాటిన్‌లో 'దాగినది'. పేరుకు తగ్గట్టే ఊపిరితిత్తుల లోతులో ఉండి గుడ్లు పెడుతుంది. లార్వాలు దగ్గుతో గొంతుకు వచ్చి, మింగబడి, మలంతో బయటపడతాయి. నత్తలలోకి చేరి పెరుగుతాయి. ఈ మార్గాన్ని 1935లో హోబ్‌మైయర్ అన్న ఇంటిపేరు గల ఇద్దరు పరిశోధకులు వెల్లడించారు. నత్తను తిన్న ఎలుకను, పక్షిని, బల్లిని పిల్లి తింటుంది, చక్రం పూర్తవుతుంది. లార్వాలు ప్రతిరోజూ బయటకు రావు, అందుకే మూడు రోజుల నమూనా. ఒకసారి కనబడకపోతే లేదని నమ్మరాదు. పిల్లి నుంచి మనకు ఈ పురుగు అంటదు.

ఫెన్‌బెండజోల్ అనే మందును బరువును బట్టి కొన్ని రోజులు ఇచ్చారు. అది గొర్రెలకు, పశువులకు చిరకాలంగా వాడుతున్నదే. మోతాదు నేను ఇక్కడ రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు పశువైద్యుని దగ్గరకు వెళ్లడం మానుకుంటారు.

ఇక నేను దాటవేస్తూ వచ్చిన సంగతి.

1984 వేసవి. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. అక్కడి అటెండరు కుమార్తె, ఎనిమిదేళ్ల పిల్ల, ఒక సాయంత్రం తువ్వాలులో చుట్టుకుని పిల్లిని తెచ్చింది. దగ్గుతున్నది, ఒళ్లు కాలిపోతున్నది. పశువుల ఆసుపత్రి తొమ్మిది మైళ్ల దూరం. నేను అయిదువందల మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రను సగం విరిచి, పొడిచేసి పాలలో కలిపి పట్టించమన్నాను. పసిపిల్లలకు ఇచ్చే మందే కదా అనుకున్నాను. రాత్రి పది గంటలకు అటెండరు తలుపు తట్టాడు. వెళ్లి చూస్తే పిల్లి ముఖం వాచిపోయింది, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి, నోరు తెరిచి రొప్పుతున్నది. తెల్లవారేసరికి చనిపోయింది. "జబ్బు బాగా ముదిరిపోయింది తల్లీ" అని ఆ పిల్లతో చెప్పాను. ఆనాడు నేనూ అదే నమ్మాను.

నిజం వేరు. మన కాలేయం పారాసిటమాల్‌ను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి సులువుగా బయటకు పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి దాదాపు లేదు. మందు విషపదార్థంగా మారి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేని రూపానికి మారుతుంది. ఊపిరి ఆడుతున్నా ఒంటికి గాలి అందదు. ఈ విషప్రభావం గురించి అమెరికా పశువైద్య సంఘపు పత్రికలో 1975లోనే వ్యాసం వచ్చింది. నేను ఆ మాత్ర విరిచేనాటికి తొమ్మిదేళ్లు. మా కళాశాలలో ఆ పత్రిక ఎవరూ చదవలేదు. చదవవలసిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. ఆ పని చేయవలసిన జన్యువే పిల్లిలో చెడిపోయి ఉన్నదని 2000లో కోర్ట్, గ్రీన్‌బ్లాట్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. విరుగుడు ఉంది: ఎన్-అసిటైల్ సిస్టీన్. మనుషులలో పారాసిటమాల్ విషానికి ఇచ్చేదే. ఆ రాత్రి ఆ పేరు కూడా నా మనస్సుకు రాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలు. రెండేళ్ల క్రితం ఒక పెళ్లిలో కనబడి నమస్కరించింది. అప్పుడు చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. "మీరు ఆ రాత్రి మా ఇంట్లో కూర్చున్నారు, అది గుర్తుంది సార్" అని మాత్రం అన్నది.

కనుక మీ ఇంట్లో పిల్లికి దగ్గు వస్తే పారాసిటమాల్ చుక్క కూడా తగలనీయకండి. దగ్గు సిరప్‌లు, జలుబు మాత్రలు కూడా అంతే. మీరు చేయగలిగినది ఒకటి ఉంది. మన పల్లెలలో ఆరోగ్య కార్యకర్తలకు పసిపిల్లల న్యుమోనియాను గుర్తించడానికి నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టడం నేర్పేవాళ్లము: రెండు నెలలలోపు అరవై, ఏడాదిలోపు యాభై, అయిదేళ్లలోపు నలభై దాటరాదు. పిల్లికీ అదే పని చేయండి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎగసిపడటం ఒక నిమిషం నిండా లెక్కించండి. ముప్పైలోపు ఉండాలి. అంతకు మించి నిలకడగా ఉంటే పశువైద్యుని వద్దకు. కుక్క రొప్పినట్లు పిల్లి నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, చిగుళ్లు నీలంగానో గోధుమరంగుగానో మారినా ఇక లెక్కలు వద్దు. ఆ క్షణమే బయలుదేరండి. ఆయాసపడే పిల్లిని గట్టిగా పట్టుకోకండి. గీరినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి, రేబిస్ టీకా సంగతి మీ వైద్యునితో మాట్లాడండి.

మా ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు మీద మనవరాలు రోజూ రాత్రి ఒక అంకె వేస్తున్నది. మందు మొదలుపెట్టిన నాడు నలభై రెండు. తరువాత ముప్పై ఆరు, ముప్పై ఒకటి. సంక్రాంతి నాటికి ఇరవై నాలుగు. మళ్లీ మూడు రోజుల మలం ఇచ్చాము. గరాటులో ఏమీ దిగలేదు. నిన్న సాయంత్రం పెరటి గోడ మీద బల్లిని నోట కరచుకుని వచ్చింది. దాని నోటి నుంచి విడిపించేసరికి నాకు ఆయాసం వచ్చింది.